"సార్, పనిచేయట్లేదు": రోబోటిక్స్ ల్యాబ్‌లో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కాకినాడ నుంచి నరసాపురం దాకా ఏ కాలేజీ ల్యాబ్‌లో అడుగుపెట్టినా వినిపించే మాట ఒకటే: "సార్, పనిచేయట్లేదు." అది వినగానే స్టూడెంట్ చేతిలోంచి లాప్‌టాప్ తీసుకుని కోడ్ తిరగేయడం పాఠాలు చెప్పే మనలో చాలామందికి అలవాటు. అది తొందరపాటని నా అభిప్రాయం. ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఏం జరగాలనుకున్నావు? ఏం జరిగింది? ఈ రెండింటికీ జవాబు చెప్పేలోపే సగం మందికి తప్పు ఎక్కడుందో తట్టేస్తుంది. మిగతా సగం మంది కోసమే ఇది రాస్తున్నాను. ఆర్డుయినో ఊనో, ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డులతో పనిచేసే రెండో, మూడో సంవత్సరం పిల్లలకు తరచూ వచ్చే సమస్యలు ఇవి.

"బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతోంది"

పిల్లలు చేసిన చిన్న రోబో బండి లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి, చక్రాలు గాల్లో ఉన్నంతసేపు బాగుంటుంది. కేబుల్ పీకి నేల మీద పెట్టగానే ముందుకు ఒక కుదుపు, ఆగడం, మళ్లీ కుదుపు. కోడ్‌లో ఏదో తప్పుందని పిల్లలు రాత్రంతా కూర్చుంటారు. కానీ తప్పు కరెంటు సరఫరాలో ఉంది.

ఆగి ఉన్న మోటారు కదలడం మొదలెట్టే క్షణంలో మామూలుగా తిరిగేటప్పటి కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. కిట్‌తో వచ్చే 9 వోల్టుల చదరపు బ్యాటరీకి లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి అంత ఇవ్వలేదు. వోల్టేజి ఒక్కసారిగా పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. మన పిల్లలకు దీన్ని కాలవతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఎగువ రైతులంతా ఒకేసారి తూములు ఎత్తితే శివారు చేలకు నీరందదు. ఇక్కడ మోటారుది ఎగువ చేను, బోర్డుది శివారు చేను.

నిజంగా రీసెట్ అవుతోందా లేదా అన్నది తేల్చుకోవడం తేలిక. బోర్డు మొదలైనప్పుడు ఒక్కసారే నడిచే సెటప్ ఫంక్షన్‌లో 13వ పిన్ లైటు మూడుసార్లు వెలిగి ఆరేలా రాయించండి. బండి నడుస్తుండగా మళ్లీ మూడుసార్లు వెలిగిందంటే బోర్డు చచ్చి బతికినట్టే. ఈ పరీక్ష కేబుల్ తీసేసి చేయాలి, ఎందుకంటే కేబుల్ ఉంటే లాప్‌టాప్ నుంచి వచ్చే కరెంటు లోపాన్ని కప్పేస్తుంది. మల్టీమీటరు బ్యాటరీకి తగిలించి, ఒక చక్రాన్ని చేత్తో క్షణం పట్టుకుని చూసినా వోల్టేజి దిగిపోవడం కనిపిస్తుంది.

పరిష్కారానికి 18650 లిథియం సెల్స్ రెండు సిరీస్‌లో వాడండి. 7.4 వోల్టులు వస్తాయి. మోటారుకి కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవరు తన దగ్గరే సుమారు 2 వోల్టులు తినేస్తుంది కాబట్టి మోటారుకి చేరేది 5 చిల్లర. కిట్లలో వచ్చే పసుపు రంగు బీఓ మోటార్లకు అది చాలు. బోర్డుకి వేరే సరఫరా ఇస్తే ఇంకా మంచిది, కానీ రెండు సరఫరాల గ్రౌండ్ (మైనస్ వైపు) మాత్రం కలిపి తీరాలి. వేరే బ్యాటరీ పెట్టాక మోటారు అసలే కదలకపోయినా, వణికినా మొదట చూడాల్సింది ఆ గ్రౌండ్ వైరే. సెల్స్ గురించి ఇంకో మాట, ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. విడి లిథియం సెల్స్‌ను జేబులో వేసుకుని హాస్టల్‌కి వెళ్లనివ్వకండి. తాళంచెవి తగిలి షార్ట్ అయితే బట్టలకు నిప్పంటుకోవచ్చు.

"అప్‌లోడ్ అవ్వట్లేదు"

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. పోర్టే కనిపించకపోతే కేబుల్ మార్చండి, మొబైల్ చార్జింగ్‌కి ఇచ్చే కొన్ని కేబుళ్లలో డేటా వైర్లు ఉండవు. అప్పటికీ కనిపించకపోతే సీహెచ్340 డ్రైవర్ వేయండి, చౌక బోర్డుల్లో ఎక్కువగా ఉండేది ఆ చిప్పే. పోర్టు కనిపించి "నాట్ ఇన్ సింక్" అని వస్తే 0, 1 పిన్లకు తగిలించిన బ్లూటూత్ మాడ్యూల్ తీసి మళ్లీ ప్రయత్నించండి. ఆ రెండు పిన్ల మీదుగానే ప్రోగ్రాం బోర్డులోకి వెళ్తుంది.

"అర నిమిషం బాగుంది సార్, తర్వాత పిచ్చెక్కింది"

నాకు బాగా ఇష్టమైన సమస్య ఇది. కంప్యూటర్ సైన్స్ పాఠం ఒక్కసారిగా నేల మీదికి దిగేది ఇక్కడే. అర సెకనుకోసారి వెలిగి ఆరాల్సిన లైటు 32 సెకన్ల దాకా చక్కగా పనిచేస్తుంది. ఆ తర్వాత కంటికి అందనంత వేగంగా కొట్టుకుంటూ, మసకగా వెలుగుతూనే ఉన్నట్టు కనిపిస్తుంది. వైర్లు కదిపినా, బోర్డు మార్చినా అదే తీరు. విచిత్రమేమిటంటే అదే కోడ్ ఈఎస్‌పీ32లో వేస్తే ఇబ్బంది లేకుండా నడుస్తుంది.

కారణం ఒక్క పదంలో ఉంది. బోర్డు ఆన్ అయి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే మిల్లీస్ ఫంక్షన్ ఇచ్చే సమయాన్ని "ఇంట్" వేరియబుల్‌లో దాచారు. ఊనోలో ఇంట్ అంటే 2 బైట్లు, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. మిల్లీసెకన్లలో అది సుమారు 32.8 సెకన్లు. అది దాటగానే సంఖ్య మైనస్‌లోకి తిరుగుతుంది. ఇప్పటి సమయంలోంచి దాచిన సమయాన్ని తీసేస్తే ఫలితం ఎప్పుడూ పెద్దదిగానే వస్తుంది కాబట్టి "సమయం అయిపోయిందా?" అన్న షరతు ప్రతిసారీ నిజమవుతుంది. ఈఎస్‌పీ32లో ఇంట్ 4 బైట్లు కాబట్టి అక్కడ బయటపడదు.

సరిచేయడానికి ఇంట్ బదులు "అన్‌సైన్డ్ లాంగ్" రాస్తే చాలు. కానీ ఆ పదం మీరు చెప్పేయకండి. సీరియల్ మానిటర్‌లో ఆ వేరియబుల్ విలువ ప్రింట్ చేయమనండి. 32,767 పక్కన మైనస్ సంఖ్య కళ్లారా చూసిన పిల్లవాడు డేటా టైపులను ఇక మర్చిపోడు. మొదటి సంవత్సరం సీ క్లాసులో బోర్డు మీద పట్టికగా రాసిన విషయమే ఇది. కావాలంటే ఏరియాన్ 5 రాకెట్ సంగతి చెప్పండి. 1996 జూన్ 4న తొలి ప్రయోగంలో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయి, ఎగిరిన సుమారు 40 సెకన్లలోనే అది ముక్కలైంది. ఇది చెప్పగానే క్లాసు నిశ్శబ్దమవుతుంది.

"ఎదురుగా ఏమీ లేకపోయినా ఆగిపోతోంది"

శబ్దం పంపి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్‌కి గడువులోగా ప్రతిధ్వని తిరిగి రాకపోతే, ఆ సమయాన్ని లెక్కపెట్టే పల్స్‌ఇన్ ఫంక్షన్ 0 ఇస్తుంది. "దూరం 15 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఆగు" అన్న కోడ్ ఆ సున్నాని గోడ అనుకుంటుంది. సున్నా అంటే "ఏమీ వినపడలేదు" అని విడిగా రాయించండి. ఆ ఫంక్షన్ మామూలుగా పూర్తి సెకను వరకూ ఎదురుచూస్తుంది, ఆ సెకనంతా బండి గుడ్డిగా పోతూ ఉంటుంది. 4 మీటర్లు వెళ్లి రావడానికి శబ్దానికి 24 మిల్లీసెకన్లు కూడా పట్టదు కాబట్టి గడువు 25,000 మైక్రోసెకన్లు పెడితే సరి.

ఇదే సెన్సార్‌తో చెరువులోనో కాలవలోనో నీటిమట్టం కొలిచేవాళ్లకు ఇంకో చిక్కుంది. శబ్దం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు వెళ్తే, 40 డిగ్రీల దగ్గర సుమారు 355 మీటర్లు వెళ్తుంది. మే నెల ఎండలో 200 సెంటీమీటర్ల దూరాన్ని 193గా చూపిస్తుంది. పక్కన ఒక ఉష్ణోగ్రత సెన్సార్ పెట్టి లెక్క సవరించాలి.

"ల్యాబ్‌లో గీత పట్టుకుంది, వరండాలో వదిలేసింది" అంటే ఎండలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని కాంతి) నేల మీద గీతను గుర్తించే ఐఆర్ సెన్సార్‌ని ముంచేస్తోందని అర్థం. పోటీ జరిగే చోటే, జరిగే వేళకే సెన్సార్ స్క్రూ సర్దుకోవాలి. కింద అట్ట కట్టి నీడ ఇవ్వాలి.

"ఏరేటర్ వేయగానే పీహెచ్ మారిపోతోంది"

భీమవరం, పాలకొల్లు వైపు పిల్లలు ప్రాజెక్టు అనగానే రొయ్యల చెరువు ఎంచుకుంటారు. అది సంతోషించాల్సిన విషయం, ఇంట్లోవాళ్లకు పనికొచ్చేది చేయాలన్న తపన అందులో ఉంది. అయితే నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలిచే పీహెచ్ ప్రోబ్ చాలా సున్నితమైన వస్తువు. ఒక పీహెచ్ తేడాకి అది ఇచ్చేది సుమారు 59 మిల్లీవోల్టులే. నీళ్లలో కరెంటు ఏ కాస్త లీకైనా ఆ అంకె కొట్టుకుపోతుంది. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆన్ చేసినప్పుడే రీడింగ్ మారుతుంటే ముందు అనుమానించాల్సింది మోటారు ఎర్తింగ్‌ని. పిల్లల్ని నీళ్లలో చెయ్యి పెట్టనివ్వకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి లీకేజీ చూపించాకే ప్రోబ్ సంగతి. అక్కడ అంతా సవ్యంగా ఉంటే బోర్డును బ్యాటరీ మీద నడపండి, సిగ్నల్‌కి ఐసొలేటర్ (కరెంటు కలవకుండా సిగ్నల్‌ను మాత్రమే దాటించేది) వాడండి.

రీడింగ్ నెమ్మదిగా, మొద్దుగా వస్తుంటే ప్రోబ్ కొన ఎండిపోయిందన్నమాట. దాన్ని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి, డిస్టిల్డ్ వాటర్‌లో కాదు. కాలిబ్రేషన్ చాలామంది 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) చేస్తారు. చెరువు నీళ్లు ఉండేది 7కి పైనే కాబట్టి 7, 9.2 బఫర్లు వాడటం న్యాయం.

ఆక్సిజన్ కొలిచే ప్రాజెక్టుల్లో మరో లోపం కనిపిస్తుంది. డెమో మధ్యాహ్నం పెడతారు, అంకెలు భేషుగ్గా ఉంటాయి, మార్కులు పడతాయి. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా నాచు, రొయ్యలు, అడుగు మట్టి అన్నీ దాన్ని వాడుకుంటాయి. రైతుకు టెన్షన్ పెట్టే వేళ తెల్లవారుజాము. అందుకే రాత్రంతా నడిచి, ఉదయానికి గ్రాఫ్ చూపించగలిగితేనే నేను ఆ ప్రాజెక్టు పూర్తయిందని ఒప్పుకుంటాను.

"సెలవుల ముందు బాగానే ఉంది"

గాలిలో తేమ, సముద్రం దగ్గరైతే ఉప్పు. అమలాపురం, రాజోలు వైపు వానాకాలం దాటేసరికి జంపర్ వైర్ల కొనలు నల్లబడతాయి. మల్టీమీటర్ బీప్ పెట్టి ఒక్కో వైరూ చూసి, మోగనివి తీసేయండి. సెలవులకు ముందే హోల్డర్లలోంచి సెల్స్ తీసి, కిట్లను సిలికా జెల్‌తో గట్టి మూత డబ్బాల్లో పెట్టండి.

"బండి నడుస్తోంది, కానీ ఎలా నడుస్తోందో చెప్పలేకపోతున్నారు"

ఇది అన్నిటికంటే బరువైన సమస్య. ఐదుగురి టీమ్‌లో ఒకరు చేస్తారు, నలుగురు చూస్తారు. కోడ్ ఎక్కడినుంచో వస్తుంది. కొన్నిసార్లు ప్రాజెక్టంతా కొనుక్కొస్తారు. పిల్లల్ని తిట్టి ప్రయోజనం లేదు, మనం పని చేసిన వస్తువుకే మార్కులు వేస్తున్నాం కదా. ఇంగ్లిష్‌లో వచ్చే ఎర్రర్ చూసి బెదిరిపోయే తెలుగు మీడియం పిల్లలు కూడా ఈ నలుగురిలోనే ఉంటారు. వాళ్లచేత ఎర్రర్ పైకి చదివించి, తెలుగులోనే అర్థం చెప్పించండి. తప్పు చెప్పినా ఎవరూ నవ్వకుండా చూసుకోండి.

మార్కుల్లో కొంత భాగం లోపం వెతకడానికి కేటాయించండి. ఒక టీమ్ తన బండిలో ఒకే ఒక్క లోపం పెట్టాలి: గ్రౌండ్ వైరు పీకడమో, డబుల్ ఈక్వల్‌ని సింగిల్ చేయడమో, మోటారు వైర్లు తిరగేయడమో. పక్క టీమ్ పది నిమిషాల్లో పట్టుకోవాలి. వైర్లు తాకేముందు ఏం కనిపించింది, ఏది కారణం అనుకుంటున్నారు, దాన్ని ఏ పరీక్షతో తేలుస్తారు అన్న మూడు ముక్కలు కాగితం మీద రాయాలి. రాసేది, చెప్పేది ప్రతి వారం ఒకరు మారాలి. చీటీ తీసి పేరు పిలవండి, లేకపోతే మళ్లీ ఆ ఒక్కరే లేస్తారు.