కుళాయిలు కట్టేసినా పంపు మోగుతుంటే

మోటార్‌హోమ్‌లో (ఇల్లులా ఉండే బండిలో) కుళాయిలన్నీ కట్టేసి పడుకున్నాక పంపు ఉన్నట్టుండి గుర్రుమని ఆగిందంటే, పైపుల్లో ఒత్తిడి ఎక్కడో తగ్గుతోందన్నమాట. నేనైతే ముందు టిష్యూ కాగితంతో సింకు కింద, టాయిలెట్ వెనక, వాటర్ హీటర్ దగ్గర ఒక్కో జాయింటూ అద్ది చూస్తాను. కంటికి ఆనని చెమ్మ కాగితం మీద మచ్చగా తేలుతుంది. పంపు ఆపి, కుళాయి తిప్పి ఒత్తిడి వదిలేశాకే నట్టు విప్పండి. లోపలి వాషర్ పక్కకు జరిగిందేమో, చీలిందేమో చూడండి. ప్లాస్టిక్ నట్టును చేత్తోనే బిగించాలి. ఒకసారి పానా వేసి బిగిస్తే పగిలి, మంచం కింద చెక్కంతా నానిపోయింది. ఎక్కడా తడి లేదా? అయితే నీళ్లు వెనక్కి పోకుండా ఆపే, పంపులోని చెక్ వాల్వ్‌ను అనుమానించండి, నీళ్లు ట్యాంకులోకి వెనక్కి జారుతుండొచ్చు. బయటి కుళాయి నుంచి బండికి గొట్టం తగిలించేటప్పుడు మాత్రం ఒత్తిడిని 40–50 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే ఒత్తిడి కొలత) తగ్గించే రెగ్యులేటర్ తప్పక పెట్టండి.