యురేథేన్ రబ్బరు: 4వ పాఠం – ఈస్టరా, ఈథరా?

గత పాఠంలో డ్యూరోమీటర్‌తో షోర్ ఎ, అంటే రబ్బరు గట్టిదనం కొలవడం నేర్చుకున్నాం. ఆ అంకె చేతికి రాగానే చాలామంది "90 షోర్ పీయూ (యురేథేన్) కావాలి" అని ఆర్డరిచ్చి ఊరుకుంటారు. అది సగం మాటే. ఒకే 90 షోర్‌లో ఒక ముక్క తడిలో ఏళ్లపాటు నిలుస్తుంది, ఇంకొకటి వేడినీళ్లు తగిలే చోట మెత్తబడి పగిలిపోతుంది.

తేడా అంతా పాలియాల్‌లోనే, అంటే యురేథేన్ తయారీలో వాడే పొడవాటి గొలుసు రసాయనంలోనే ఉంది. అది ముఖ్యంగా రెండు రకాలు: ఈస్టర్, ఈథర్. ఈస్టర్ రకం నూనెకు, గ్రీజుకు లొంగదు, అంత తొందరగా చిరగదు. కానీ దాని గొలుసులోని ఈస్టర్ బంధాన్ని నీరు తెంచుతుంది. వేడి, ఆమ్లం, క్షారం తోడైతే మరీ త్వరగా. ఈథర్ రకానికి ఆ బెడద లేదు. చలికి బిరుసెక్కడం తక్కువ, రీబౌండ్ (నొక్కి వదిలితే తిరిగి లేచే గుణం) ఎక్కువ.

ఈ రీబౌండ్‌ను తేలిగ్గా తీసుకోకండి. బరువు మోస్తూ తిరిగే చక్రం ప్రతి చుట్టులో నొక్కుకుని మళ్లీ లేస్తుంది. తిరిగిరాని శక్తి వేడిగా మారుతుంది. యురేథేన్ ఆ వేడిని బయటికి పోనివ్వదు. పైన చూస్తే చక్రం బాగానే ఉంటుంది, లోపల మాత్రం కరిగి ఇనుప హబ్ నుంచి ఊడి వస్తుంది. మామూలు గ్రేడ్లను 80 డిగ్రీల సెల్సియస్ దాటి ఎడతెగకుండా వాడకపోవడమే మంచిది. వేగం ఎక్కువైతే నేనైతే షోర్ సంగతి తర్వాత చూద్దామని ముందు ఈథర్ అడుగుతాను.

పాత ముక్క ఏ రకమో తెలియకపోతే తూచి చూడండి. మామూలుగా ఒకసారి, దారంతో నీళ్లలో వేలాడదీసి ఇంకోసారి. మొదటి బరువును రెండు బరువుల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 60 గ్రాముల ముక్క నీళ్లలో 5 గ్రాములు తూగితే 60ని 55తో భాగించాలి: 1.09. సాధారణంగా ఈథర్ 1.1 దగ్గర, ఈస్టర్ 1.2 దగ్గర ఉంటాయి. ఫిల్లర్ (రబ్బరులో కలిపే పొడి) కలిపితే ఈ లెక్క తప్పుతుంది. ఈస్టర్‌లోనే ఒక ప్రత్యేక రకమైన కాప్రోలాక్టోన్ మధ్యలో పడి తికమక పెడుతుంది. ముక్కకు గాలి బుడగ అంటుకుంటే వేలితో తుడిచేయండి, లేదంటే సాంద్రత తక్కువ చూపిస్తుంది.

అభ్యాసం: నూనె చిమ్మే ప్రెస్ టూల్ స్ట్రిప్పర్ (పంచ్ నుంచి రేకును తోసేసే ముక్క), తడి ఖనిజం జల్లించే ప్యానెల్, కోల్డ్ స్టోరేజీలో తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ చక్రం. మూడింటికీ ఏ రకమో, ఎందుకో రాయండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో షేప్ ఫ్యాక్టర్ లెక్క (ముక్క ఆకారాన్ని బట్టి బిరుసు ఎలా మారుతుందో చెప్పేది) మొదలుపెడతాం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.