లైడార్ డేటా తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

కోనసీమ లాంటి చదును నేలకు వరద మ్యాపు గీయాలంటే అడుగు తేడా కూడా లెక్కే. విమానం నుంచి లేజర్‌తో కొలిచిన డేటాకు డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఎత్తు దేని నుంచి కొలిచారు? అసలు టెన్షన్ ఇక్కడే. జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమికి లెక్క కోసం అనుకున్న నున్నటి గుండ్రటి ఆకారం) మీది ఎత్తు. మన తీరంలో సముద్ర మట్టం దానికన్నా పదుల మీటర్లు కిందుంటుంది. అమలాపురంలో పొలం గట్టు మైనస్‌లో కనిపిస్తే కంగారు పడకండి, జియాయిడ్ సవరణ (ఎత్తును సముద్ర మట్టం నుంచి లెక్కకు మార్చడం) చేసి ఉండరు. ఏ జియాయిడ్ మోడల్ వాడారో రాసి ఇమ్మనండి.

• యూటీఎం జోన్ (మ్యాపు కోసం భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి ఇచ్చిన నంబరు): 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున 44, పడమర 43. అనంతపురం పని ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

• చదరపు మీటరుకు ఎన్ని పాయింట్లు (లేజర్ తాకి కొలిచిన చోట్లు)? అమెరికా జియలాజికల్ సర్వే వారి క్యూఎల్2 (క్వాలిటీ లెవెల్ 2) ప్రమాణం కనీసం 2 అంటుంది. కానీ కొబ్బరితోటలో చాలా పాయింట్లు ఆకుల మీదే ఆగిపోతాయి. మొత్తం సంఖ్య చూసి మురిసిపోకుండా, నేల పాయింట్లు, అంటే ఫైల్లో క్లాస్ 2 అని గుర్తు వేసినవి, విడిగా లెక్క చెప్పమనండి.

• ఎప్పుడు ఎగిరారు? కోతలయ్యి, కాలువలకు నీళ్లు ఆపేశాక అయితే మేలు. నీళ్లు నిలిచిన మడిలో ఇన్‌ఫ్రారెడ్ లేజర్ సరిగా తిరిగి రాదు, ఖాళీలు పడతాయి.

• డీఈఎం (పాయింట్ల నుంచి తయారుచేసిన నేల ఎత్తుల మ్యాపు) ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోకండి. లాస్ (LAS) ఫైళ్లూ, అంటే అసలు పాయింట్లు ఉండే ఫైళ్లూ కావాలి. ఏటిగట్టు నేల కాదనుకుని సాఫ్ట్‌వేర్ చెక్కేసిందేమో వాటిలోనే తెలుస్తుంది.