సింగిల్స్‌తో ఎదగడం ఎలా: ఓరుగల్లు పాప్ రాక్ బ్యాండ్లకు ఒక మార్గదర్శి

హనుమకొండలోనో కాజీపేటలోనో నలుగురు మిత్రులు కలిసి పాప్ రాక్ బ్యాండ్ మొదలుపెట్టగానే ఆల్బమ్ ఆలోచన వస్తుంది. దానిని కొంతకాలం పక్కన పెట్టి, ఒక్కొక్క పాటనే సింగిల్‌గా విడుదల చేయడం మేలు. బ్రిటన్‌కు చెందిన ప్రసిద్ధ బ్యాండ్ బీటిల్స్ తొలి సింగిల్ 1962 అక్టోబరులో వచ్చి బ్రిటన్‌లో 17వ స్థానం దగ్గర ఆగింది. 1963 జనవరిలో వచ్చిన రెండో సింగిల్ అక్కడి చాలా పట్టికల్లో అగ్రస్థానానికి చేరిన తరువాతే, ఆ మార్చిలో తొలి ఆల్బమ్ వెలువడింది. మొదట నెమ్మదిగా ఉన్న ఆ రెండో పాటకు వేగం పెంచమని నిర్మాత జార్జ్ మార్టిన్ సూచించకపోయి ఉంటే, ఆ ఫలితం వచ్చేదని చెప్పలేము.

కాబట్టి స్టూడియోకు వెళ్లేముందే, ఎంచుకున్న పాటను రెండు మూడు వేగాలలో వాయించి, ఫోనులో రికార్డు చేసుకొని, మరునాడు తీరికగా వినండి. పాటలు వినిపించే స్ట్రీమింగ్ యాప్ స్పాటిఫైలో పాట 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్కకు వస్తుంది కనుక, నిడివైన గిటారు ఆలాపనను వేదిక కోసం దాచుకొని, పల్లవిని వీలైనంత ముందుకు తేవాలి. యూట్యూబ్‌లో మన జానపద పాటలకున్న ఆదరణ చూసి, అవసరం లేని చోట డప్పు దరువు ఇరికించకండి. పల్లవిని మన యాసలో సహజంగా రాసుకుంటే అదే చాలు.

గొంతు రికార్డింగు కోసం కట్టిన చిన్న గదిలో పూర్తి డ్రమ్ సెట్ బాగా పలకదు. డ్రమ్స్ కొంత పెద్ద గదిలో, క్లిక్ ట్రాక్ (తాళం తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ శబ్దం) వింటూ వాయించి, మిగిలినవి తరువాత జోడించుకోవచ్చు. మిక్సింగ్ ముగిశాక పాటను తప్పకుండా ఫోను స్పీకరులో వినాలి. బేస్ గిటారు అడుగు తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది; చిన్న స్పీకరు ఆ నాదాన్ని దాదాపుగా మింగేస్తుంది. బేస్‌కు కొద్దిగా డిస్టార్షన్ (నాదాన్ని కాస్త గరుకుగా మార్చే ఎఫెక్ట్) కలిపితే పై స్వరాంశాలు తేలి, ఫోనులోనూ దాని నడక తెలుస్తుంది.

ఇక చాలామంది వాయిదా వేసే పని కాగితం. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమాకు చెందని సౌండ్ రికార్డింగు విషయంలోనూ సాహిత్యం రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా కోరే హక్కు ఉంటుంది. హక్కులు వేరొకరికి రాసిచ్చినా ఆ హక్కు పోదు. కేవలం గిటారు, డ్రమ్స్ వాయించినవారు ఆ వాటాలోకి రారు. అందుకే రాబడిని ఎవరెవరు ఎంతెంత పంచుకోవాలో, బ్యాండ్ పేరు ఎవరిదో, ఒకరు విడిపోతే పాత పాటల సంగతేమిటో విడుదలకు ముందే రాసుకొని అందరూ సంతకాలు చేయాలి. దోస్తుల మధ్య కాగితాలేమిటని మొహమాటపడితే, పాట హిట్టయిన నాడే పంచాయితీ మొదలవుతుంది. రచయిత, స్వరకర్త తమ రాయల్టీలను వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరాలి.

పాటను డిస్ట్రిబ్యూటరు (స్ట్రీమింగ్ యాప్‌లకు పాటలను చేర్చే సంస్థ) ద్వారా నాలుగు వారాల ముందుగానే పంపండి. ప్లేలిస్టులు కూర్చే స్పాటిఫై సంపాదకులకు విడుదల కాని పాటను, అదీ ఒకసారికి ఒక్కదానినే, సూచించగలరు. కనీసం ఏడు రోజుల ముందు ఆ పని చేస్తే మీ ఫాలోయర్ల రిలీజ్ రాడార్‌లో, అంటే కొత్త పాటల ప్లేలిస్టులో, ఆ పాట చేరుతుంది. ఏడాదిలో 1,000 స్ట్రీములు దాటని పాటకు 2024 నుంచి అక్కడ రికార్డింగు రాయల్టీ రాదు కాబట్టి, ఐదారు పాటలను ఒకేసారి వదిలి శ్రోతలను చీల్చుకోవడం నష్టమే.

బతుకమ్మ పాటలు వెల్లువెత్తే దసరా ముందు రోజులను వదిలేయండి. రెండో సింగిల్ రికార్డింగు పూర్తయ్యాకే మొదటిదాని తేదీ ఖరారు చేసుకుంటే, మధ్యలో రెండు మూడు నెలలకు మించి ఎడం రాదు. ఆ వ్యవధిలో వరంగల్ నిట్‌లో జరిగే స్ప్రింగ్ స్ప్రీ వంటి కళాశాల ఉత్సవాలలో అవకాశం అడిగేటప్పుడు, విడుదలైన పాట లింకుతో పాటు, కోతలు లేకుండా ప్రత్యక్షంగా వాయించిన వీడియో ఒకటి పంపండి. నిర్వాహకులకు ముందుగా కావలసింది మీరు వేదికపై ఎలా వాయిస్తారన్నదే.