పోయిన కాన్పు నెలలు నిండకుండా అయిందా? ఈసారి ఆరో నెల దాకా ఆగకండి

మొన్న మా వార్డుకు ఒకమ్మాయి 26వ వారంలో నొప్పులతో వచ్చింది. మొదటి బిడ్డ ఏడో నెలలో పుట్టి, చాలా రోజులు బాక్సులో ఉండి బయటపడ్డాడు. ఈసారి బిడ్డ దక్కలేదు. వాళ్లమ్మ వరండాలో కూర్చుని ఒకటే మాట: "పోయినసారి ఏడో నెలలో కదమ్మా అయింది, ఆరు దాటగానే పెద్దాసుపత్రికి తీసుకొద్దాం అనుకున్నాం."

కాన్పుల వార్డులో పనిచేస్తున్నప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. పాలు తాగు, బరువులెత్తకు అని చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు కాబట్టి అవి వదిలేస్తాను. పోయినసారి ఏ నెలలో అయిందో ఆ నెల దగ్గరపడ్డాక జాగ్రత్తపడదాం అనుకోవడం, ఇదీ ఇళ్లకు ఇళ్లను ముంచుతున్న తప్పు.

నొప్పులు ఏడో నెలలో వచ్చినా చాలామందిలో గర్భసంచి ముఖద్వారం అంతకు వారాల ముందు నుంచే పొట్టిబడుతూ వస్తుంది. నొప్పి ఉండదు, మనిషి మామూలుగానే తిరుగుతుంటుంది. దాన్ని ఆపడానికి మన దగ్గర ఉన్నవన్నీ ముందే మొదలుపెట్టాల్సినవి. 37 వారాల లోపు ఒక్కసారి కాన్పు అయినా సరే, మళ్లీ నెల తప్పగానే డాక్టర్‌కు చెప్పండి. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదన్న ఆచారం చుట్టాల వరకు పాటించుకోండి, డాక్టర్ దగ్గర వద్దు.

పాత కాగితాలు

పోయిన కాన్పు డిశ్చార్జి కాగితం వెతకండి. లేకపోతే ఆ ఆసుపత్రికి వెళ్లి అడిగి తెచ్చుకోండి. ఎన్నో వారం, ముందు నొప్పులొచ్చాయా, ఉమ్మనీరు పోయిందా, లేక బీపీ పెరిగిందని డాక్టర్లే ముందుగా తీశారా అన్నది అందులో ఉంటుంది. వైద్యం దాన్ని బట్టే మారుతుంది. బీపీ వల్ల అయితే తక్కువ డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు, అది 16 వారాల లోపే మొదలవ్వాలి. వాటంతట అవే నొప్పులొచ్చి అయితే దారి వేరు, అదే కింద చెప్తున్నాను.

స్కాన్

"టిఫాలో అంతా నార్మల్ అన్నారు" అని నిశ్చింతగా ఉంటారు. టిఫా ముఖ్యంగా బిడ్డ అవయవాల కోసం, పైగా పొట్ట మీద నుంచి చేస్తారు. మీకు కావాల్సింది ముఖద్వారం పొడవు, దాన్ని సరిగ్గా కొలవాలంటే కింద నుంచి చేసే స్కానే చేయాలి. ఉచ్చకు వెళ్లొచ్చి చేయించుకోవాలి, ఎందుకంటే మూత్రం నిండా ఉంటే పొడవు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపించవచ్చు. 16వ వారం నుంచి 24 దాకా, మామూలుగా రెండు వారాలకొకసారి. 25 మిల్లీమీటర్లకు తగ్గితే ఇక ఆలస్యం చేయకూడదు. "లోపల కదిలిస్తే గర్భం పోతుంది" అని అత్తగార్లు ఆపేస్తుంటారు. పోదమ్మా, ఈ స్కాన్ వల్ల గర్భం పోదు.

మందు, కుట్టు

గర్భం నిలబడటానికి తోడ్పడే హార్మోన్ ప్రొజెస్టిరాన్. దాని గుళికలు రాత్రిపూట కింద పెట్టుకోమని రాస్తారు, ఎక్కువగా 200 మిల్లీగ్రాములు. కింద పెట్టుకోమన్నది నోట్లో వేసుకోవద్దు. తెల్లగా కారుతోందనో, వేడి చేస్తోందనో మీ అంతట మీరు ఆపొద్దు. వారానికొకసారి వేసే హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ ఉపయోగపడుతుందని రుజువు కాలేదని 2023 ఏప్రిల్‌లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దాని అనుమతి రద్దు చేసింది. మీకు అది రాస్తే డాక్టర్‌ను అడిగి మాట్లాడుకోండి. ఇంజెక్షన్ పడుతోంది కదా అని స్కాన్ మాత్రం ఎగ్గొట్టొద్దు.

కుట్టంటే గర్భసంచి ముఖద్వారం ముందే తెరుచుకోకుండా దాని చుట్టూ వేసేది. దానికి భయపడతారు. దీన్ని ప్రపంచానికి చూపించినవాళ్లలో మన బొంబాయి డాక్టర్ షిరోడ్కర్ ఒకరు, 1955 నాటి సంగతి. పాత చరిత్ర బలంగా ఉంటే 12–14 వారాల్లోనే వేస్తారు, లేదంటే స్కాన్‌లో పొట్టిబడినప్పుడు. మళ్లీ చెప్తున్నాను, వీటిలో ఏదీ ఏడో నెల కోసం ఆగేది కాదు.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

- యూరిన్ కల్చర్ చేయించుకోండి. మంట లేకపోయినా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, అది నొప్పులు తెచ్చిపెట్టొచ్చు.
- గుట్కా, జర్దా, సిగరెట్ బంద్. ఇంట్లో మగవాళ్ల సిగరెట్ కూడా.
- మంచం దిగకుండా పడుకోబెట్టకండి. దానివల్ల నెలలు నిండుతాయని రుజువు లేదు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం ఉంది.
- బిందె ఎత్తావనో, మెట్లెక్కావనో ఆ పిల్లను అనకండి. ఇప్పటికే లోలోపల కుమిలిపోతూ ఉంటుంది.
- ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అన్నది అబద్ధం. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు బలమే.
- సీమంతం అయ్యి పుట్టింటికి పంపే ముందు అక్కడ ఎన్ఐసీయూ (పుట్టిన బిడ్డల ఐసీయూ) ఉన్న ఆసుపత్రి ఏదో చూసి, ఒకసారి చూపించి రండి. ఫైలు మొత్తం ఆమెతోపాటు వెళ్లాలి.
- నడుము కింద పట్టేసినట్టు ఉండటం, పొట్ట మాటిమాటికీ గట్టిపడటం, నీరులాగా కారడం, ఎర్ర మరక. వీటిలో ఏది కనిపించినా బయలుదేరండి. దొంగ నొప్పులేమో, జీలకర్ర కషాయం తాగించి చూద్దాం అని కూర్చోవద్దు. 24 నుంచి 34 వారాల మధ్య అయితే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, అది బాగా పనిచేయడానికి ఒక రోజు పడుతుంది. మీరు ఇంట్లో పోగొట్టిన గంటలు అందులోవే.
- పుట్టాక బిడ్డను వేరే ఊరికి తరలించడం కన్నా కడుపులో ఉండగానే తల్లిని తరలించడం మేలు. 108కి ఫోన్ చేసి, ఎన్ఐసీయూ ఉన్నచోటికే అని చెప్పండి.
- బిడ్డ పోయిందని వెంటనే ఇంకో గర్భం కోసం తొందరపెట్టకండి. ఏడాదిన్నరైనా ఎడం ఉండాలి. ఆరు నెలల లోపు నిలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ.
- కుట్టు ఉన్నవాళ్లు 36–37 వారాల మధ్య తీయించుకోవాలి. ఈలోపు నొప్పులు మొదలైతే డ్యూటీలో ఎవరున్నా మొదటి మాట "నాకు కుట్టు ఉంది" అనే చెప్పాలి. తీయకుండా నొప్పులు సాగితే ముఖద్వారం చిరిగి రక్తం పోతుంది. కుట్టు వేసిన కాగితం ఫోటో తీసి మీ ఫోన్లో, ఆయన ఫోన్లో, పుట్టింటివాళ్ల ఫోన్లో పెట్టండి.