చిట్టి రొయ్యలకు పాత నీరే పుట్టిల్లు

ఇంట్లో అద్దాల ట్యాంకులో పెంచుకుందామని నేను మొదట తెచ్చిన పది చెర్రీ రొయ్యలు (ఎర్రని చిట్టి మంచినీటి రొయ్యలు) పన్నెండు రోజుల్లో చనిపోయాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి, మొక్కలు పచ్చగా ఉన్నాయి, ఫిల్టర్ నుంచి బుడగలు చక్కగా వస్తున్నాయి. అయినా రోజుకొకటి అడుగున ఒరిగిపోతుంటే, ఏదో చేయాలన్న ఆత్రంలో రోజూ సగం నీళ్లు మార్చాను. అదే వాటి ప్రాణం తీసిందని తర్వాత అర్థమైంది. ఇప్పుడు అదే 30 లీటర్ల ట్యాంకులో, రెండోసారి తెచ్చిన పదిహేనింటి సంతానం లెక్కపెట్టలేనంతగా తిరుగుతోంది. ఈ రెండింటి మధ్య నేను నేర్చుకున్నది ఒక్కటే. రొయ్య గుల్ల విడిచేటప్పుడు దాని ప్రాణం నీటి చేతిలో ఉంటుంది. అందుకని నీటిని నిలకడగా ఉంచాలి.

మొదటిసారి పెంచేవాళ్లు నియోకారిడినా జాతితోనే మొదలుపెట్టండి. చెర్రీ, నీలం, పసుపు అని అమ్మేవన్నీ చాలావరకు ఇవే. పెద్దవైనా రెండు మూడు సెంటీమీటర్లు దాటవు. క్రిస్టల్ రెడ్ లాంటివి కారిడినా అనే ఇంకో జాతివి, అందంగా ఉంటాయి గానీ, వాటికి మెత్తని, కాస్త ఆమ్లగుణమున్న నీరు, ప్రత్యేకమైన మట్టి కావాలి. అమానో రొయ్యలు నాచు తినడంలో దిట్టలే, కానీ వాటి పిల్లలు ఉప్పు కలిసిన నీటిలో తప్ప బతకవు కాబట్టి ఇంట్లో సంతానం చూడలేం. ఇంకో మాట: నియోకారిడినాల్లో రంగులు కలిపి పెంచకండి. కొన్ని తరాలకే పిల్లలు అడవి రొయ్యల్లా మట్టిరంగుకు తిరిగిపోతాయి.

ట్యాంకు సిద్ధం చేయడానికి ఓపిక కావాలి. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చిటికెడు చేపల మేత వేస్తూ టెస్ట్ కిట్‌తో చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలవాలి. చేపలకైతే అది చాలు. రొయ్యలకు మాత్రం నేను ఇంకో నెల ఆగుతాను. అద్దం మీద, ఆకుల మీద చేతికి జిగురుగా తగిలే పలుచని పాచి పట్టాలి, ఎందుకంటే పిల్లల అసలు తిండి అదే. ముందువైపు అద్దం ఒక్కటీ తుడుచుకుని మిగతా మూడు వైపులా వదిలేయండి.

ఫిల్టర్ స్పాంజ్‌ది పెట్టండి. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పిల్లల్ని వేరే ఫిల్టర్లు లాగేసుకుంటాయి. స్పాంజ్‌నైతే అవే గీరుకు తింటాయి. దాన్ని కుళాయి కింద కడగకుండా ట్యాంకు నుంచి తీసిన నీటిలోనే పిండండి. జావా మాస్ (నీటిలో పెరిగే నాచు మొక్క) ఒక గుప్పెడు, ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తే చాలు.

ఇక గుల్ల సంగతి. రొయ్య పెరుగుతుంది, పైనున్న గుల్ల పెరగదు. అందుకని లోపల మెత్తని కొత్త గుల్ల తయారుచేసుకుని, తలకు నడుముకు మధ్య పాతదాన్ని చీల్చుకుని ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. పెద్దవి సుమారు మూడు నాలుగు వారాలకోసారి, పిల్లలు ఇంకా తరచుగా ఈ పని చేస్తాయి. కొత్త గుల్ల గట్టిపడడానికి కాల్షియం, మెగ్నీషియం కావాలి. జీహెచ్, అంటే నీటిలో ఈ రెండూ ఎంత ఉన్నాయో చెప్పే కొలత, 6 నుంచి 10 మధ్య ఉండాలని చెప్పేది ఇందుకే. పీహెచ్ 6.5 నుంచి 7.8, వేడి 20 నుంచి 26 డిగ్రీలు, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న ఖనిజాల మొత్తం కొలత) 150 నుంచి 250 దాకా ఉంటే హాయిగా ఉంటాయి. ఈ హద్దుల్లో ఏ అంకె దగ్గర ఉన్నా ఫరవాలేదు, అది ఊగకూడదు. ఒక్కసారిగా ఎక్కువ నీరు మారిస్తే సిద్ధం కాకముందే గుల్ల విడవడానికి ప్రయత్నిస్తాయి. అప్పుడు మెడ వెనక చుట్టూ తెల్లని వలయం కనిపిస్తుంది. గుల్ల పగిలింది, రొయ్య మాత్రం బయటికి రాలేదు. అలా ఇరుక్కున్నవి చాలావరకు బతకవు. నా మొదటి పదింటిలో ఆరింటికి ఆ వలయం చూశాను, అప్పుడు అదేమిటో తెలియలేదు.

ఖాళీ గుల్లను చూసి చచ్చిందని కంగారు పడకండి. విడిచిన గుల్ల పారదర్శకంగా, డొల్లగా ఉంటుంది. చచ్చిన రొయ్య వండినట్టు గులాబీరంగుకు తిరుగుతుంది. గుల్లను తీసేయొద్దు, అందులోని ఖనిజాల కోసం అవే తింటాయి.

వారానికి పదోవంతు నీరు మాత్రమే మార్చండి. క్రిములు చంపడానికి క్లోరమైన్ కలిపిన కుళాయి నీరు రాత్రంతా నిలవబెట్టినా శుభ్రపడదు, డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే మందు) వాడాల్సిందే. సన్నని గాలి గొట్టానికి ముడివేసి, కొత్త నీటిని దాని గుండా చుక్కలుగా వదులుతాను. ఆవిరై తగ్గిన నీటి బదులు మాత్రం ఆర్‌ఓ నీరే పోయండి. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు లోపలే మిగిలి పేరుకుపోతాయి. కొత్త రొయ్యల్ని దించేటప్పుడూ ఇదే పద్ధతి: సంచిలోని నీటితో సహా వాటిని గిన్నెలో పోసి, ట్యాంకు నీటిని సెకనుకు రెండు చుక్కల చొప్పున, గిన్నెలోని నీరు మూడింతలయ్యేదాకా. రెండు గంటలైనా కూర్చోండి. సంచిలోని నీటిని మాత్రం ట్యాంకులో పోయకండి.

మేత తక్కువ వేయండి. రెండు గంటల్లో తినకపోతే తీసేయండి. మిగిలిన మేత మీదే ప్లనేరియా పురుగులు పెరుగుతాయి. వారంలో రెండు రోజులు నేను ఏమీ వేయను, పాచి తింటూ గడిపేస్తాయి.

రాగి రొయ్యలకు విషం. చేపల మందుల్లో, కొన్ని మొక్కల ఎరువుల్లో ఉంటుంది, సీసా మీద చదవండి. కొత్త మొక్కలకు పురుగుమందు అంటి ఉండొచ్చు, కొన్నాళ్లు విడి బకెట్లో ఉంచి నీళ్లు మారుస్తూ ఉండండి. దోమల మందు, బొద్దింకల స్ప్రే ఆ గదిలోకే రానివ్వకండి. పక్క గదిలో స్ప్రే కొట్టిన రోజున నా రొయ్యలు గిరగిరా తిరుగుతూ పడిపోవడం చూశాను. ఎండాకాలం నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

అన్నీ కుదిరితే, ఆడదాని తల వెనక పసుపో ఆకుపచ్చో జీను లాంటి మచ్చ కనిపిస్తుంది. అవి అండాశయంలోని గుడ్లు. ఆ ఆడది గుల్ల విడిచిన రాత్రి మగవన్నీ ట్యాంకంతా పిచ్చిగా ఈదుతాయి. తెల్లారేసరికి ఇరవై ముప్ఫై గుడ్లు పొట్ట కింద ఉంటాయి, వాటికి గాలి తగలాలని అది కాళ్లతో విసురుతూనే ఉంటుంది. పొదగడానికి సుమారు నెల పడుతుంది. ఆ నెలలో మొక్కలు కత్తిరించడం, ట్యాంకు సర్దడం లాంటివి పెట్టుకోకండి. నేనైతే నెల దాటాక, లైట్లు ఆర్పి, మాస్ మీదికి టార్చ్ వేసి చూస్తాను. వెంట్రుక ముక్కల్లాంటివి పాచి గీరుకుంటూ కదులుతుంటాయి, కాళ్లు మీసాలతో సహా, తల్లి అచ్చులోనే.