ఇథనాల్ పెట్రోలు పోశాక కారు మొరాయిస్తోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడకంలోకి వచ్చాక కారుకు ఏ చిన్న నలత చేసినా నింద దానిమీదికే పోతోంది. అందులో కొంత నిజం ఉంది. కానీ నింద వేసి ఊరుకుంటే అసలు జబ్బు లోపల ముదురుతుంది. కారే గొట్టం కారుతూనే ఉంటుంది, నీరసపడ్డ పంపు ఇంకా నీరసపడుతుంది. ఇక్కడ రాస్తున్నది ఇంజెక్టర్లున్న మామూలు పెట్రోలు కారు గురించి. కార్బురేటర్ బండ్ల సంగతి అవసరమైన చోట విడిగా చెబుతాను.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఒక ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి: ఇబ్బంది ఎప్పుడు మొదలైంది? పెట్రోలు కొట్టించి బంకు దాటిన కాసేపటికే అయితే నీళ్లనో, తప్పుడు ఇంధనాన్నో అనుమానించాలి. కొత్త మిశ్రమానికి మారిన కొన్ని ట్యాంకులకు అయితే ఫిల్టరును. నెలలు గడిచేకొద్దీ మెల్లగా బయటపడితే రబ్బరును, లోహాన్ని. బండి చాలాకాలం కదలకుండా ఉండి లేచాక అయితే ట్యాంకులో పాతబడ్డ పెట్రోలును. సగం నిర్ధారణ ఈ జవాబులోనే ఉంటుంది.

ముందు మీ కారు దేనికి తయారైందో చూడండి

ఇ10 అంటే పరిమాణం లెక్కన 10 శాతం వరకు ఇథనాల్, ఇ20 అంటే 20 శాతం వరకు. మీ కారు దేన్ని తట్టుకుంటుందో పెట్రోలు మూత తలుపు లోపలి స్టిక్కరు మీదో, ఓనర్ మాన్యువల్‌లోనో ఉంటుంది. బ్రెజిల్‌లో 2015 నుంచే 27 శాతం ఇథనాల్‌తో కార్లు నడిచాయి కదా, మన కారు ఎందుకు నడవదు అని కొందరు వాదిస్తారు. అక్కడ అమ్మే కార్లకు గొట్టాలు, పంపు, కంప్యూటర్ లెక్కలు ఆ మిశ్రమానికి తగ్గట్టే అమర్చారు. మోడల్ పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి లోపలి భాగాలు మారొచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ కూడా ఇ15ను 2001 మోడల్, ఆ తర్వాతి కార్లకే అనుమతించింది. కాబట్టి పక్కవాళ్ల కారు అనుభవం కంటే మీ మాన్యువల్ మాటే నమ్మండి.

మైలేజీ తగ్గింది

తగ్గుతుంది. దీనికి రిపేరు లేదు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే ఉంటుంది. ఆ లెక్కన ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే ఇ10లో 3 శాతం, ఇ20లో 6 నుంచి 7 శాతం దాకా శక్తి తక్కువ. ఇప్పటికే ఇ10 వాడుతూ ఇ20కి మారినవాళ్లకు తేడా 3, 4 శాతమే. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండి పదిహేడున్నరకు దగ్గర్లో ఇస్తుంది.

మీ బండిలో 15, 20 శాతం పడిపోయిందంటే అది ఇథనాల్ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. టైర్లలో గాలి తగ్గిందేమో, బ్రేకు పట్టేసి ఉందేమో, థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కడం లేదేమో, పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మందగించిందేమో చూడాలి. డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీ అంచనాను నమ్మి కంగారుపడకండి. ట్యాంక్ ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ అయ్యేదాకా తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించండి. ఒకే పంపు దగ్గర కొన్నిసార్లు ఇలా చేస్తేనే నమ్మదగిన అంకె దొరుకుతుంది.

చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, స్కానర్‌లో పి0171 వచ్చింది

ఇథనాల్ పేరు ఎక్కువగా చెడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. పి0171 అంటే మిశ్రమం లీన్‌గా ఉంది, గాలికి తగినంత ఇంధనం అందడం లేదని అర్థం. వి ఆకారపు ఇంజన్లలో రెండో వరసకు పి0174 వస్తుంది.

ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది, బరువులో దాదాపు 35 శాతం. అందుకే కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాల్సి వస్తే, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఇ20కి అది 13.5 దగ్గర ఉంటుంది. లోపలికి వచ్చే గాలి అంతే ఉన్నప్పుడు ఇంధనం ఇంకాస్త ఎక్కువ పొయ్యాలన్నమాట. ఆక్సిజన్ సెన్సర్ ఈ కొరతను పసిగట్టగానే కంప్యూటర్ ఇంజెక్టర్లను కొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఈ సవరణ పేరే ఫ్యూయల్ ట్రిమ్. ఇథనాల్ లేని పెట్రోలుకు లెక్కకట్టిన కారులో ఇ20 పోస్తే ట్రిమ్ 7 శాతం దరిదాపుల్లో పెరగడం సహజం. ఇ10కి లెక్కకట్టిన కారైతే 3, 4 శాతం పెరుగుతుంది.

చాలా కార్లలో ట్రిమ్ 20, 25 శాతం చేరితే గానీ లైట్ వెలగదు. మరి 7 శాతంతో లైట్ ఎలా వెలిగింది? అప్పటికే బండి ఏదో లోపాన్ని 15 శాతం సవరణతో నెట్టుకొస్తోంది. ఇథనాల్ దాన్ని గీత దాటించింది, అంతే. ఆ పాత లోపం ఏమిటో వెతకడమే అసలు పని.

దీనికి కారు కంప్యూటర్‌లోని కోడ్‌లను, అంకెలను చదివే చవకైన బ్లూటూత్ ఓబీడీ స్కానర్ చాలు. ఇంజన్ బాగా వేడెక్కాక దీర్ఘకాలిక, స్వల్పకాలిక ట్రిమ్‌లు రెండూ కలిపి మూడు సందర్భాల్లో చూడండి: ఐడ్లింగ్‌లో, బండి ఆపి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచినప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు. ఎత్తు మీద చూసేటప్పుడు అంకెలు పక్కన కూర్చున్నవాళ్లు చదవాలి.

ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి ఆర్‌పీఎం పెంచగానే తగ్గిపోతే ఎక్కడో గాలి దొంగచాటుగా లోపలికి వస్తోంది. పగిలిన వాక్యూమ్ గొట్టం, ఎండిపోయిన ఇన్‌టేక్ గాస్కెట్, బ్రేక్ బూస్టర్ గొట్టం చూడాలి. దీనికి విరుద్ధంగా ఐడ్లింగ్‌లో బాగానే ఉండి లోడ్ పడేకొద్దీ పెరిగితే ఇంధనం చాలడం లేదు: ఫిల్టరు మూసుకుపోయింది, లేదా పంపు ఒత్తిడి పడిపోయింది. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మురికిపట్టినా ఇలాగే కనిపిస్తుంది. దాని కోసమే అమ్మే స్ప్రేతో తప్ప వేరే దేనితోనూ దాన్ని కడగొద్దు. ఇక మూడు చోట్లా ఒకే తీరున 4 నుంచి 8 శాతం మధ్య ఉంటే అది ఇంధనం స్వభావమే. ఏమీ మార్చనక్కర్లేదు.

ట్రిమ్ మూడు చోట్లా సమానంగానే ఉన్నా 15 శాతం దాటితే బంకులో చెప్పినదానికంటే ఎక్కువ ఇథనాల్ కలిసిందేమో పరీక్షించుకోవచ్చు. గీతలున్న సన్నటి పొడవాటి గాజు కొలపాత్రలో 10 మి.లీ. నీళ్లు, వాటిమీద 90 మి.లీ. పెట్రోలు పోసి, మూతపెట్టి ఊపి, ఆవిరి పోయేలా మూత ఒకసారి వదులు చేసి, కదపకుండా ఉంచండి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లలోకి దిగుతుంది. కింది పొర 19 దగ్గర ఆగితే సుమారు 10 శాతం, 28 దగ్గర ఆగితే 20 శాతం. ఒకటి రెండు శాతం అటూ ఇటూ రావచ్చు. ఇది ఆరుబయట, నిప్పుకు, స్విచ్చులకు దూరంగా చేయాల్సిన పని. ఇథనాల్ మంట వెలుతురులో సరిగ్గా కనపడదు కూడా, అందుకే రెట్టింపు జాగ్రత్త కావాలి.

పెట్రోలు కొట్టించిన కాసేపటికే జర్కులు, ఆగిపోవడం

ఎక్కువగా ట్యాంకులో నీళ్లున్నట్టే. మామూలు పెట్రోలులో నీళ్లు అడుగున విడిగా ఉంటాయి. ఇథనాల్ ఉన్నప్పుడు కొద్దిపాటి నీళ్లను అది తనలో కలుపుకుంటుంది, అంతవరకు మంచిదే. కానీ దానికో హద్దుంది. 15 డిగ్రీల దగ్గర ఇ10 మోయగలిగేది సుమారు అర శాతం. 40 లీటర్ల ట్యాంకుకు అది ఒక పెద్ద గ్లాసెడు నీళ్లు. ఇ20 ఇంకాస్త ఎక్కువ మోస్తుంది, చలి పెరిగితే ఏదైనా తక్కువే మోస్తుంది. హద్దు దాటగానే నీళ్లు ఇథనాల్‌ను కూడా వెంటబెట్టుకుని అడుగుకు దిగుతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే కాబట్టి ఇంజన్‌కు వెళ్లేది మండని ద్రవం. పైన మిగిలిన పెట్రోలు కూడా ఇథనాల్‌తోపాటు ఆక్టేన్‌ను పోగొట్టుకుంటుంది, నాకింగ్ (ఇంజన్‌లో టకటక శబ్దం) వస్తుంది.

గాలిలో తేమ మూత సందుల్లోంచి దూరి ట్యాంకును నింపేస్తుందన్న భయం ఇప్పటి కార్లకు అతి. వాటి ట్యాంకులు దాదాపు మూసే ఉంటాయి. నీళ్లు వచ్చే దారులు వేరు: బంకు భూగర్భ ట్యాంకు, పగిలిన మూత రబ్బరు, వానలో తెరిచిపెట్టిన మూత.

చేయాల్సింది ఇది. పదే పదే సెల్ఫ్ కొట్టకండి, కొట్టినకొద్దీ ఆ నీళ్లు ఇంజెక్టర్లదాకా చేరతాయి. బండిని లాగించి తీసుకెళ్లండి. ట్యాంకు పూర్తిగా దించి ఖాళీ చేయించండి, ఫిల్టరు మార్పించండి, గొట్టాలు శుభ్రమైన పెట్రోలుతో కడిగించండి. అడుగు నుంచి తీసిన ద్రవాన్ని గాజు సీసాలో పట్టి ఉంచండి. రెండు పొరలు కంటికి కనిపిస్తే బంకువాళ్లతో మాట్లాడటానికి అంతకు మించిన సాక్ష్యం లేదు, బిల్లు కూడా దాచండి. ఒకసారి విడిపోయిన పెట్రోలును ఏ సీసా మందూ మళ్లీ కలపలేదు. అలా చెప్పి అమ్మేవాళ్ల మాట వినకండి.

ఐడ్లింగ్ బాగుంది, స్పీడు అందుకోవడం లేదు

ఏళ్ల తరబడి ట్యాంకులో, గొట్టాల్లో పేరుకున్న జిగురును ఇథనాల్ కరిగించి ఊడదీస్తుంది. అదంతా వచ్చి ఫిల్టరులోనూ, పంపు అడుగున ఉండే జల్లెడలోనూ ఇరుక్కుంటుంది. పాత బండి కొత్త మిశ్రమానికి మారిన తొలినాళ్లలో ఇది మామూలే. ఫిల్టరు, జల్లెడ మార్చి ఒత్తిడి కొలిపించండి. శుభ్రపడటం ఒక్కసారితో అయిపోతుంది. ఫిల్టరు మళ్లీ మళ్లీ మూసుకుపోతే, ముఖ్యంగా ఎర్రటి పొడి కనిపిస్తే, ట్యాంకు లోపల తుప్పు పట్టింది. ఇక ఫిల్టర్ల మీద డబ్బు పోయకుండా ట్యాంకు సంగతి చూడాలి.

పెట్రోలు వాసన వస్తోంది

ఈ ఒక్క లక్షణానికి వాయిదా లేదు. బండి ఆపండి, వెతికి బాగుచేసేదాకా నడపకండి. మామూలు నైట్రైల్ రబ్బరు, సహజ రబ్బరు, కార్కు గాస్కెట్లు ఇథనాల్ తగిలి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఎండి పగుళ్లు బారతాయి. పైకి బాగున్న గొట్టం లోపల పొర ఊడి ఉండొచ్చు. క్లిప్పుల దగ్గర, ఇంజెక్టర్ ఓ-రింగుల దగ్గర, ట్యాంకు పైన పంపు బిగించే సీలు దగ్గర తడి కోసం చూడండి. కొత్త గొట్టం కొనేటప్పుడు దానిమీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చదవండి, లోపలి పొర ఫ్లోరో రబ్బరుది. ట్యాంకు లోపల మునిగి ఉండే ముక్కకు మాత్రం ఆర్10 కావాలి, ఆర్9 పైపొర పెట్రోలులో నానుతూ ఉండటానికి చేసింది కాదు.

వాసన వస్తూ ఎక్కడా తడి లేకపోతే పెట్రోలు మూత, ఆవిరిని పట్టే కానిస్టర్ గొట్టాలు చూడాలి. ఆవిరి లీకును చూపే పి0442, పి0455 కోడ్‌లు వచ్చేది అందుకే.

స్టార్ట్ కావడానికి మొరాయిస్తోంది

చల్లగా ఉన్నప్పుడా, వేడి మీదా? ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆవిరవడానికి పెట్రోలు కంటే రెట్టింపుకు పైగా వేడి తీసుకుంటుంది. శుద్ధ ఇథనాల్‌తో నడిచే బ్రెజిల్ కార్లకు చలిలో స్టార్ట్ కావడానికి విడిగా చిన్న పెట్రోలు ట్యాంకు పెట్టింది ఇందుకే. కానీ ఇ10, ఇ20లో తేలిగ్గా ఆవిరయ్యే పెట్రోలే ఎక్కువ కాబట్టి పొద్దున్నే మొరాయిస్తే ముందు బ్యాటరీని, ప్లగ్గులను చూడండి. తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆపి, ఇలా రెండుమూడుసార్లు చేశాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుందా? అయితే రాత్రికి రాత్రి లైనులో ఒత్తిడి దిగిపోతోంది, పంపులోని వాల్వో ఇంజెక్టరో కారుతోంది.

వేడి మీద మొరాయించడం ఎక్కువగా కార్బురేటర్ బండ్ల బాధ. 10 శాతం దగ్గర మిశ్రమం ఆవిరి ఒత్తిడి పెట్రోలు కంటే పెరుగుతుంది, గొట్టంలో బుడగలు కట్టి ఇంధనం ముందుకు కదలదు. గొట్టాన్ని సైలెన్సర్ పైపుకు దూరంగా మళ్లించి, కార్బురేటర్ కింద వేడి ఆపే స్పేసర్ వేయిస్తే చాలావరకు కుదురుతుంది. ఆక్సిజన్ సెన్సర్ లేని ఈ బండ్లు లీన్‌ను తమంతట తాము సరిచేసుకోలేవు. ఇ10కి మించి పోయక తప్పకపోతే జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రమున్న ముక్క) పెద్దది వేయించి ట్యూన్ చేయించాలి, రబ్బరు భాగాలన్నీ మార్పించాలి.

పొరపాటున ఇ85 పోశారు

ఇ85 అంటే 85 శాతం వరకు ఇథనాల్. కొద్దిగానే పోసి ఉంటే మీ కారుకు తగిన పెట్రోలుతో ట్యాంకు నింపేయండి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడపండి, సగం అవగానే మళ్లీ నింపండి. లైట్ వెలిగినా ఒకటి రెండు ట్యాంకులకు ట్రిమ్ దిగివస్తుంది. సగం ట్యాంకుకు పైగా పోసి ఉంటే స్టార్ట్ చేయకుండానే తోడించండి. ట్రిమ్‌కు అంత సవరణ చేసే స్థోమత ఉండదు. లీన్‌గా, మిస్‌ఫైర్‌తో బండిని లాగిస్తే పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, ట్యాంకు తోడించే ఖర్చుతో పోలిస్తే అది చాలా పెద్ద దెబ్బ.